ఎల్‌పీ12 టర్న్‌టేబుల్: పళ్లెం స్ప్రింగుల మీద ఊగుతుంటే సూది నిలకడగా ఎలా నడుస్తుంది?

శ్రుతిలయ

నమస్కారం. న్యూజెర్సీలో ఉంటున్న మా అన్నయ్య తన పాత లిన్ సోండెక్ ఎల్‌పీ12ను సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చి నాకిస్తానంటున్నాడు. మాది హైదరాబాదులో మూడో అంతస్తు. నా దగ్గరున్నవి చాలావరకు కర్ణాటక సంగీతం రికార్డులే. మిత్రుడొకరు మాత్రం వద్దంటున్నారు. “వేలితో నొక్కితే పళ్లెం ఊగుతుంది. అలాంటి దానిమీద సూది నిలకడగా ఎలా నడుస్తుంది? బరువైన డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పేది) కొనుక్కో, స్పీడు కూడా కచ్చితంగా ఉంటుంది” అన్నది ఆయన వాదన. ఫొటోల్లో చూస్తే ఒక పళ్లెం, దాని కింద ఇంకో చిన్న పళ్లెం, ఒక రబ్బరు బెల్టు తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. దీనికి అంత పేరెందుకు వచ్చిందో, ఆ స్ప్రింగులు దేనికో తెలిసినవారు చెప్పగలరా?

ఇరుసు

పళ్లెం ఊగుతుందన్నమాట నిజమే. అది ఊగినప్పుడు టోన్ ఆర్మ్ (సూదిని మోసే చేయి) కూడా దానితోపాటే కదులుతోందా లేదా అన్నది చూడాలి. ఆర్మ్ చివర సూదిని పట్టుకుని ఉండే కార్ట్రిడ్జితో పోలిస్తే, గాడిలో సూది ఎంత కదిలిందో అదే కరెంటుగా మారుతుంది. పళ్లెం, ఆర్మ్ రెండూ కలిసి కదిలితే సూదికి ఆ సంగతే తెలియదు. ఎల్‌పీ12లో బేరింగు, ఆర్మ్ ఒకే సబ్‌చాసీకి (లోపలి చట్రానికి) బిగించి ఉంటాయి. ఆ సబ్‌చాసీ మూడు స్ప్రింగుల మీద నిలబడుతుంది. మోటారు మాత్రం విడిగా పై రేకుకు ఉంటుంది. మోటారుకూ పళ్లేనికీ ఆ బెల్టు ఒక్కటే చుట్టరికం. ఈ పద్ధతిని 1961లోనే అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ టర్న్‌టేబుల్లో చేసి చూపించారు. స్కాట్లండ్‌లో తయారయ్యే లిన్ 1970ల మొదట్లో వచ్చింది.

స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలన్నది లెక్కతో తేలుతుంది. బరువు పడి ఒక సెంటీమీటరు కుంగితే దాని సహజ పౌనఃపున్యం సుమారు 5 హెర్ట్జ్. దానికి 1.4 రెట్లు దాటాకే, అంటే 7 హెర్ట్జ్ పైనే, అదురు తగ్గడం మొదలవుతుంది. ఆర్మ్, కార్ట్రిడ్జి కలిసి ఊగే పౌనఃపున్యం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండేలా చూస్తారు. రెండూ ఒకచోట కలిస్తే అడుగు వేసినప్పుడల్లా సూది గంతులేస్తుంది. అందుకే సర్దేటప్పుడు పళ్లేన్ని మెల్లగా నొక్కి వదిలి చూస్తారు. పక్కలకు ఊగకుండా నిటారుగా కిందికీ పైకీ ఆడాలి. కింద ఉన్న నట్లు తిప్పుతూ, స్ప్రింగులను కొద్దికొద్దిగా తిప్పి కూర్చోబెడుతూ అది కుదిరేదాకా ఓపిక పట్టాలి.

నేను మెషిన్ టూల్స్ ఫ్యాక్టరీ టూల్‌రూములో స్పిండిళ్లు (తిరిగే ఇరుసులు), బుష్‌లు (అవి తిరిగే గొట్టాలు) చేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి నా కన్ను బేరింగు మీదికే పోతుంది. స్టీరియో రికార్డు గాడి వెడల్పు సుమారు 50 మైక్రాన్లు. అందులో మెల్లని ధ్వనులకు సూది కదిలేది ఒక మైక్రాన్‌కన్నా తక్కువ. తంబురా ఒక్కటే మోగుతున్న చోట బేరింగు గరగరమంటే ఆ గరగర కూడా సంగీతంతోపాటే స్పీకర్లకు చేరుతుంది. ఎల్‌పీ12లో మొనతేలిన గట్టి ఉక్కు స్పిండిలు నూనె నిండిన గొట్టంలో అడుగు పలక మీద ఒకే బిందువు దగ్గర ఆనుతుంది. లోపలి చిన్న పళ్లేన్ని గొట్టంలో నిలబెట్టి వదిలిపెట్టండి. అది ధడాలున పడకూడదు. నూనె పక్కలకు తప్పుకుంటూ దారి ఇస్తుంటే నెమ్మదిగా, చివరి దాకా ఒకే తీరుగా దిగాలి. అలా దిగితే స్పిండిలుకూ బుష్‌కూ మధ్య సందు సరిగ్గా ఉన్నట్టే. ఖరీదైన టర్న్‌టేబుల్లో డబ్బు పోయేది ఈ సందులోకే. కంటికి కనిపించే చెక్క ఫ్రేముకు అంత కాదు.

బరువు గురించి ఒక మాట. పళ్లెం బరువు అంచున ఉంటే వేగం నిలకడగా ఉంటుంది, నిజమే. అయితే ఆ బరువంతా మోసేది బేరింగే. పళ్లేన్ని పెంచి బేరింగును అలాగే వదిలేసిన యంత్రాన్ని నేను కొనను.

క్వార్ట్జ్

ఇరుసు గారు చెప్పింది బాగుంది కానీ డైరెక్ట్ డ్రైవ్‌కు అన్యాయం జరగకూడదు. జపాన్‌కు చెందిన మత్సుషిత వారి టెక్నిక్స్ ఎస్‌పీ-10 బెల్టునే తీసేసింది. మోటారే నేరుగా నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. తర్వాతి మార్క్ 2లో క్వార్ట్జ్ స్ఫటికంతో వేగాన్ని కట్టేశారు. బటన్ నొక్కిన పావు సెకనులో పూర్తి వేగం అందుకుంటుంది, రేడియో స్టేషన్లకు కావలసింది అదే. నెమ్మదిగా తిరిగే మోటారుకు అయస్కాంతపు ఎగుడుదిగుడులు ఇబ్బంది. 2016లో ఎస్‌ఎల్-1200ను మళ్లీ తెచ్చినప్పుడు ఇనుప కోర్ లేని మోటారు పెట్టింది అందుకే.

శ్రుతిలయ

ఇద్దరికీ ధన్యవాదాలు. అన్నయ్యను అడిగాను. వాల్‌హల్లా బోర్డు (మోటారుకు స్ఫటికంతో కచ్చితమైన పౌనఃపున్యం ఇచ్చేది) లేదట, మోటారు నేరుగా కరెంటుతోనే నడుస్తుందట. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులకు తగ్గిస్తే చాలు కదా?

ఇరుసు

చాలదమ్మా. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, పౌనఃపున్యాన్ని మార్చదు. అది కరెంటు పౌనఃపున్యాన్ని బట్టే తిరిగే సింక్రనస్ మోటారు, 24 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉంటాయి. అమెరికాలో 60 హెర్ట్జ్ మీద నిమిషానికి 300 చుట్లు తిరిగితే, మన 50 హెర్ట్జ్ మీద 250 చుట్లే. బెల్టును తిప్పే అక్కడి చిన్న పుల్లీని అలాగే ఉంచితే రికార్డు 33⅓ బదులు 27.8 చుట్ల వేగంతో తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. ఆ తేడాతో మీ కర్ణాటక సంగీతం వినలేరు.

50 హెర్ట్జ్ పుల్లీ వేయించుకోండి. లేదా స్ఫటికంతో సొంతంగా పౌనఃపున్యం తయారుచేసే పవర్ సప్లై పెట్టించండి. నేనైతే రెండోదే చేస్తాను, జనరేటరు మీద నడిచినా వేగం మారదు.

ప్యాక్ చేసేటప్పుడు రెండు పళ్లేలూ తీసి విడిగా చుట్టమనండి, కలిపి సుమారు నాలుగు కిలోలు ఉంటాయి. బేరింగులో నూనె ఒలికిపోకుండా పాతది తీసేసి పంపమనండి, ఇక్కడ కొత్తది పోసుకోవచ్చు. కాంక్రీటు స్లాబు కాబట్టి అక్కడి చెక్క నేలల్లా ఊగదు. గోడకు బిగించిన తేలికపాటి షెల్ఫు మీద పెట్టండి, స్పీకర్లను అదే షెల్ఫు మీద మాత్రం పెట్టకండి.