‘తిక్కనకు లేదా’ దగ్గర ఆగాలా, కలపాలా?

(ఎవరి మాట ముందు వారి ఊరి పేరు ఉంది.)

కడియపులంక: రాత్రి షెడ్డులో మొక్కలు లోడు చేయిస్తుంటే మావాడు ఫోనులో ఒక జాజ్ ఆల్బం పెట్టాడు. పియానో కీత్ జారెట్. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1991 సెప్టెంబరు 28న పోయాడట. రెండు వారాలకే, అక్టోబరు 12న, న్యూయార్క్‌లో జారెట్ మరో ఇద్దరితో కూర్చుని ఆయన పేరున ఇది రికార్డు చేశాడు. అందులో ‘ఫర్ మైల్స్’ అని 18 నిమిషాల పైచిలుకు వాయిద్యం ఉంది. అది ముందుగా రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు పుట్టింది. వింటుంటే విశ్వనాథ సత్యనారాయణగారు తన గురువు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి మీద చెప్పిన పద్యం నోట్లోకొచ్చింది.

‘అల నన్నయ్యకు లేదు తిక్కనకు లేదా...’

అక్కడ ఆగిపోయాను. నాకెప్పుడూ అక్కడే ఆగుతుంది. నాకు మొక్కలకు అంట్లు కట్టడం నేర్పిన మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. టెంక మొక్క తల కోసి, చీల్చి, పుల్ల దూర్చి, పాలిథిన్ రిబ్బను ఒక కొస పంటితో పట్టుకునేవారు. పద్యం సరిగ్గా ‘లేదా’ దగ్గరికి వచ్చేసరికి రిబ్బను నోట్లో ఉండేది. ముడి పడ్డాక ‘భోగ మస్మాదృశుం’ అని అందుకునేవారు. నేను చిన్నప్పటి నుంచీ దాన్ని ‘తిక్కనకు లేదా?’ అనే ప్రశ్నగానే విన్నాను. మాస్టారు పోయి నాలుగేళ్ళు. అడగడానికి లేరు. అది ప్రశ్నేనా? భోగం అంటే ఇక్కడ ఎవరి భోగం?

యండగండి: ప్రశ్న కాదండి. ‘లేదు, ఆ భోగము’ కలిసి ‘లేదా భోగము’ అయింది. ఈ పద్యం మత్తేభం. అందులో 14వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు. పాదం ‘అ’తో మొదలైంది కాబట్టి ‘దా’లోని ‘ఆ’ దానికి సరిపోయింది. ఇందులో చర్చకేం లేదు.

పాలకొల్లు: ఎందుకు లేదు మాస్టారూ? ప్రశ్న వేసే ‘ఆ’ మాత్రం అచ్చు కాదా? లేదు, ఆ? కలిపితే అదీ ‘లేదా’నే. యతి రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. దాన్ని పట్టుకుని తీర్పు ఇవ్వలేం. నా మటుకు నాకు విశ్వనాథ కావాలనే అలా నిలబెట్టాడనిపిస్తుంది. నన్నయ్యకు లేదు, సరే. తిక్కనకు? వినేవాడు ఒక్క క్షణం ‘ఉందేమో’ అనుకోవాలి. ఆ తర్వాతే ‘భోగ’ అని విరుచుకుపడాలి. సభలో గొంతెత్తి చదివి చూడండి, మీకే తెలుస్తుంది.

యండగండి: యతి రెండిటికీ పనికొస్తుందన్న మాట ఒప్పుకుంటున్నాను, అది నేను తొందరపడి అన్నది. కానీ ఏ మాట దేనికి చెందుతుందో, ఆ అన్వయం చూడండి. అస్మాదృశుడు, అంటే నాలాంటివాడు, శిష్యుడయినాడన్నట్టిది. ఆ ‘అన్నట్టిది’ దేన్ని చెబుతోంది? ‘ఆ భోగం’ అంటే ఏ భోగమో చెబుతోంది. ప్రశ్న చేశారంటే ‘ఆ’ పోతుంది, భోగం ఒంటరిదవుతుంది. పద్యం నడుం విరుగుతుంది.

పాలకొల్లు: అన్వయం చదివేటప్పుడు చూసుకుంటాం. చెవి ముందు వింటుంది కదా!

ముంగండ: మీరిద్దరూ ‘దా’ పట్టుకుని కూర్చున్నారు గానీ ఆఖరి పాదం చూశారా? ‘చెళ్ళపిళవంశస్వామి’. చెళ్ళపిళ్ళ కాదు, చెళ్ళపిళ. నేను చూసిన వాట్సాప్ కాపీలన్నిటిలో ఒత్తు పెట్టి పాడుచేస్తున్నారు. పెడితే ‘పి’ గురువైపోతుంది, అక్కడ మూడూ లఘువులుగా ఉండాల్సిన నగణం చెడుతుంది. నా నమ్మకం ఏమిటంటే, గురువుగారి ఇంటిపేరులో ఒత్తు తీసేసేంత చనువు ఒక్క శిష్యుడికే ఉంటుంది. వేరెవరైనా అయితే పేరు ముట్టుకోకుండా చుట్టూ ఉన్న మాటలు మార్చుకునేవాడు.

యండగండి: ఛందస్సు కోసం తేల్చినదాన్ని చనువు అనడం బాగుంది కానీ, నిరూపించలేం.

ముంగండ: నిరూపించమని నేననలేదండి. నేనలా చదువుకుంటాను.

రాజమండ్రి: సంగీతం వైపు ఒక మాట. మైల్స్ మన అర్థంలో గురువు కాడు. జారెట్ 1970, 71 ప్రాంతాల్లో ఆయన బ్యాండులో వాయించాడు, అంతే. అదీ ఎలక్ట్రిక్ కీబోర్డుల మీద. జారెట్‌కి అవి నచ్చవు. బయటికొచ్చాక మామూలు పియానోనే పట్టుకున్నాడు. అంటే దారి మార్చుకున్న శిష్యుడు. బాస్ వాయించిన గ్యారీ పీకాక్, డ్రమ్స్ వాయించిన జాక్ డిజొనెట్ కూడా ఎప్పుడో ఒకప్పుడు మైల్స్ దగ్గర చేసినవాళ్ళే. ముగ్గురిలో ఒక్కరు కూడా ట్రంపెట్ కాదు. నివాళి ఎవరికో ఆయన వాయిద్యమే అందులో లేదు. నాకు ఆ ఖాళీయే అన్నిటికంటే ఎక్కువ వినిపిస్తుంది.

ఇంకోటి. ఇలాంటి వాయిద్యాన్ని ‘ఆశువు’ అనకండి. ఆశువు అంటేనే వేగం. ఇది నిదానంగా, వెతుక్కుంటూ నడిచేది. మనోధర్మం అనాలి, అంటే కచేరీలో అప్పటికప్పుడు సొంత ఊహతో పెంచుకుంటూ పోయేది.

పాలకొల్లు: గోదావరి జిల్లాల్లో కూర్చుని ఆశువు పనికిరాదంటే ఎలాగండీ! తిరుపతి వేంకట కవుల జంటలో తిరుపతి శాస్త్రిగారిది యండగండి, వెంకటశాస్త్రిగారిది కడియం. చర్చ మొదలెట్టినాయన ఊరికి పక్కనే. ఆశువు అంటే వేగం ఒక్కటే కాదు. ఇచ్చిన సమస్య మెడ మీద ఉండగా తడుముకోకుండా నిలబడడం. గురువు పోయిన రెండు వారాలకి కాగితం లేకుండా పియానో ముందు కూర్చోవడం దాని కంటే వేరా?

రాజమండ్రి: సమస్య ఎవరో ఇస్తారు, పూరణ చేస్తాం. ఇక్కడ ఇచ్చినవాడే లేడు. ఆ తేడా వదలకండి.

యండగండి: మా ఊరి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయారు. వెంకటశాస్త్రిగారు 1950 దాకా ఉన్నారు. ఆ తర్వాత రాసినవాటికి కూడా తిరుపతి వేంకట కవులు అనే పెట్టుకున్నారు. నివాళి అని వేరే పద్యం చెప్పడం ఒక ఎత్తు, సగం పేరు చివరిదాకా మోయడం ఇంకో ఎత్తు. నాకు రెండోదే గొప్ప.

ముంగండ: గర్వం మాట కూడా ఎవరైనా ఎత్తితే బాగుండు. ‘ధిషణాహంకార’, అంటే బుద్ధి గర్వం, అని విశ్వనాథ తన గురించి తనే చెప్పుకున్నాడని ఇప్పటికీ దెప్పుతారు. మరి ఆ గురువులు, తిరుపతి వేంకట కవులు? మీసాలు పెంచి, రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని పద్యం చెప్పారు! ఆ అహంకారం బందరు హైస్కూల్లో వెంకటశాస్త్రిగారి తెలుగు క్లాసులో అబ్బినదే. శిష్యుడు దాన్ని తీసుకొచ్చి మళ్ళీ గురువు కాళ్ళ దగ్గరే పెట్టాడు. కడియపులంకవారు అడిగిన భోగం అదేనండి. అనుభవించేవాడు గురువు. శిష్యుడు ఎంత గొప్పవాడని చెప్పుకుంటే గురువుకి అంత భోగం. తగ్గించుకుని చెబితే గురువు వాటా తగ్గుతుంది.

రాజమండ్రి: ఆ లెక్కన జారెట్ తనలాగే వాయించడం సరైన పనే. మైల్స్‌ని అనుకరించి ఉంటే భోగం ఎవరికీ లేకపోయేది.

పాలకొల్లు: భోగం సంగతి ఒప్పుకున్నా. ‘లేదా’ సంగతి ఒప్పుకోలేదు.

కడియపులంక: అందరికీ నమస్కారం. అన్వయం యండగండి మాస్టారు చెప్పినట్టే ఉంది, కాదనలేను. కానీ పొద్దున్న అంట్లు కడుతూ కలిపి చదువుదామని చూస్తే నోరు తిరగలేదు. ‘లేదా’ దగ్గర చెయ్యి దానంతటదే రిబ్బను అందుకుంటోంది.

ఇంకో చిన్న అనుమానం. రెండో పాదం చివర ‘సంభారదో’ దగ్గర తెగి, మూడోది ‘హల’తో మొదలవుతుంది కదా. దోహలం. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ‘ల’ కాబట్టి దోహదం పనికిరాలేదని తెలుస్తూనే ఉంది. మాస్టారు మాత్రం దోహదం అంటే చెట్టు పూయడానికి చేసే పని అని చెప్పేవారు, అశోకానికి ఆడపిల్ల కాలు తగలడం లాంటిది. పద్యంలో కోరిక అనే అర్థమా, లేక ఈ చెట్ల అర్థం కూడా ఉందా? రెండోది ఉందని ఎవరైనా చెబితే, నర్సరీ గేటు మీద రాయించుకుంటాను.

ముంగండ: ఉంది అనే నేననుకుంటున్నాను. రాత్రికి నిఘంటువు తీసి రాస్తాను.

యండగండి: కోరికేనండి. అయినా తీసి చూడండి.