అప్‌డేట్: పారిస్ దాడిలో చనిపోయిన విద్యార్థిని కేసు

2015 నవంబర్ 13 పారిస్ దాడుల్లో చనిపోయిన అమెరికన్ విద్యార్థిని నొహెమి గొంజాలెజ్ కుటుంబం గూగుల్ మీద వేసిన కేసు చివరికి ఏమైందని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ఆ తర్వాత తీర్పు కూడా చదివాను.

2023 మే 18న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు మూడే పేజీలు. ఆ దాడులు చేసిన ఉగ్రవాద సంస్థ ఐసిస్ వీడియోలను గూగుల్‌కు చెందిన యూట్యూబ్ సిఫారసు చేసిందన్నది కుటుంబం ఆరోపణ. యూజర్లు పెట్టినవాటికి కంపెనీలను బాధ్యుల్ని చేయకుండా కాపాడే అమెరికా చట్టంలోని సెక్షన్ 230 ఇలాంటి సిఫారసులకూ వర్తిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. దాని జోలికి కోర్టు వెళ్లలేదు. ఒక కంపెనీ సైట్‌ను ఉగ్రవాదులు వాడుకున్నంత మాత్రాన ఆ కంపెనీ దాడికి సాయపడినట్టు కాదని అదే రోజు ట్విటర్ మీద ఉన్న ఇలాంటి మరో కేసులో తేల్చి, దాని ప్రకారం మళ్లీ చూడమని దీన్ని కింది కోర్టుకు పంపేసింది. లాజిక్ అర్థమైంది కానీ మనసు ఒప్పుకోవట్లేదు. 2016 నుంచి పోరాడిన కుటుంబానికి అడిగినదానికి జవాబే దొరకలేదు.

ఇంకొకటి, ఎక్కడ చూసినా ఆమె కేసు పేరుగానే కనిపిస్తోంది. లాంగ్ బీచ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో డిజైన్ చదువుతూ, ఒక సెమిస్టర్ కోసం ఫ్రాన్స్ వెళ్లిన 23 ఏళ్ల అమ్మాయి. ఆమె చేసిన డిజైన్ల గురించి తెలిసినవాళ్లుంటే రాయండి, చదవాలనుంది.