‘స్ట్రైక్’ చివరి ఘట్టం: షాట్ నిడివిని అసలు ఫ్రేముల్లో లెక్కించేదెలా?

సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ తీసిన మూకీ సినిమా ‘స్ట్రైక్’ (1925) ముగింపులో కార్మికుల ఊచకోత మధ్య మధ్య కబేళాలో ఎద్దును కోసే షాట్లు వస్తాయి కదా, వాటి నిడివి సెకన్లలో కాదు, ఫ్రేముల్లో కావాలి. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు.

నా దగ్గరున్న వీడియో ఫైల్ సెకనుకు 24 ఫ్రేములది. ప్రతి మూడింటిలో ఒకటి రెండుసార్లు పడింది, అంటే 18 నుంచి సాగదీశారు. పొట్టి షాట్లకు ఇదే ముప్పు: రెండు ఫ్రేములది మూడుగా కనిపిస్తుంది.

వీడియో సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో, ముందుదానిలాగే ఉన్న ఫ్రేములను తీసేసే ఎంపీడెసిమేట్ ఫిల్టర్ వాడితే కదలని టైటిల్ కార్డుల (తెరమీద మాటలు చూపే ఫ్రేముల) ఫ్రేములూ ఎగిరిపోతున్నాయి. ఎంత తేడా ఉన్నా ఒకటే అనుకోవాలో చెప్పే పరిమితి తగ్గిస్తే గ్రెయిన్ (ఫిల్ము మీది చుక్కల రవ్వ) వల్ల నకళ్లు మిగులుతున్నాయి. డెసిమేట్ అనే మరో ఫిల్టర్‌లో సైకిల్ 4 పెడితే నాలుగుకు ఒకటి కచ్చితంగా తీస్తుంది గానీ, రీలు మారేచోట వరస తప్పితే అసలు ఫ్రేమే పోతుంది. రీళ్లవారీగా ముక్కలు చేసి నడపాలా? వరస తప్పినచోటు పట్టే పద్ధతి ఏదైనా ఉందా?