చెల్లికి బులీమియా (అతిగా తిని వాంతి చేసుకునే జబ్బు) అనిపిస్తోంది, ఎవరికి చూపించాలి?

అందరికీ నమస్కారం. మాది వరంగల్, చెల్లి డిగ్రీ చదువుతోంది. ఒక్కోసారి గిన్నె ఖాళీ అయ్యేదాకా తినేసి వెంటనే బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకుంటోంది, ఆ తర్వాత రోజంతా ఏమీ ముట్టదు. మనిషి సన్నబడలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ దీన్ని జబ్బు అనుకోవట్లేదు, అమ్మయితే దిష్టి తీస్తోంది. కడుపు డాక్టర్‌కి చూపిస్తే ఎసిడిటీ మాత్రలు రాశారు, వాంతి తనే చేసుకుంటోందా అని ఆయన అడగలేదు, చెల్లీ చెప్పలేదు.

నాకు అసలు టెన్షన్ పొటాషియం గురించి. ఇలా పదే పదే వాంతులైతే అది పడిపోయి గుండె లయ తప్పవచ్చట, అందుకే ముందు రక్త పరీక్ష, ఈసీజీ చేయిద్దామనుకుంటున్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కూడా ఫోన్ చేస్తాను.

హైదరాబాద్‌లో ఇలాంటి తిండి సమస్యలకు సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే కౌన్సెలింగ్) చేసే, తెలుగులో మాట్లాడే సైకాలజిస్టులు ఎలా దొరుకుతారు? సైకియాట్రిస్ట్, డైటీషియన్ కూడా ఒకేచోట ఉంటే మేలు. లేకపోతే నేరుగా బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి తీసుకెళ్లాలా, అక్కడ ఓపీ ఎలా ఉంటుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకు కూడా ఇన్సూరెన్స్ ఇవ్వాలి కదా, అడ్మిట్ కాకుండా కౌన్సెలింగ్‌కి వెళ్తే ఎవరికైనా డబ్బులు వచ్చాయా?

అన్నిటికంటే ముందు, రానని మొండికేసే పిల్లను మీరు ఎలా ఒప్పించారో చెప్పండి. డైట్ చిట్కాలు మాత్రం దయచేసి వద్దు, ఇవన్నీ తను కూడా చదువుతుంది.