ఒత్తిడిలో సైకిల్ మూలనపడింది, మళ్ళీ ఎక్కడం ఎలా?

హైబ్రిడ్_మణికొండ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. వారానికి నాలుగు రోజులు, మొత్తం 120 కి.మీ. దాకా తొక్కే అలవాటు నాది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, ఇంట్లో నాన్నగారి ఆపరేషన్ ఒకేసారి వచ్చిపడ్డాయి. రెండున్నర నెలలుగా సైకిల్ బాల్కనీలోనే ఉంది. నాన్నగారు కోలుకున్నారు కానీ ఆఫీసు పని ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటుంది. 5 గంటలకు అలారం పెట్టడం, ఆపేయడం, ఇదే వరస. మొన్న ఆదివారం పట్టుబట్టి బయల్దేరితే 15 కి.మీ. దగ్గరే ఊపిరి అందలేదు. గుండె వేగం 165 దాటింది, గంటకి 24 కి.మీ. ఉండే సగటు వేగం 19కి పడింది. ఆ తర్వాత సైకిల్ వంక చూడబుద్ధి కావట్లేదు.

సైకిల్ హైబ్రిడ్, 700×35 టైర్లు, 8 గేర్ల క్యాసెట్, డిస్క్ బ్రేకులు. నా బరువు 78 కిలోలు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పెడల్_శాస్త్రి

ముందు ఆ 165 సంగతి చూద్దామండీ. తొక్కడం మానేసిన రెండు వారాల్లోపే రక్తంలో ప్లాస్మా తగ్గుతుంది. దాంతో గుండె ఒక్కోసారి తోసే రక్తం తగ్గి, ఆ లోటు పూడ్చడానికి అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అన్నిటికంటే ముందు పోయేది ఇదే, తొందరగా తిరిగొచ్చేదీ ఇదే. వారం రెండు వారాలు తేలిగ్గా తొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. కాళ్ళ బలం అంత త్వరగా పోదు. అందుకే మొదట్లో కాళ్ళు పాత వేగమే అడుగుతాయి, గుండె అందుకోలేదు. ఆదివారం మీకు జరిగింది ఇదే.

రెండోది మెదడు అలసట. 2009లో మార్కోరా అనే పరిశోధకుడి బృందం 16 మంది మీద ఒక పరీక్ష చేసింది. ఒక రోజు 90 నిమిషాలు తల వేడెక్కే పని స్క్రీను మీద చేయించారు, ఇంకో రోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. ఆ తర్వాత రెండు రోజులూ ఒకే బరువు పెట్టి, ఓపిక ఉన్నంతవరకూ సైకిల్ తొక్కించారు. వీడియో చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కితే, పని చేసిన రోజు 640 దగ్గరే ఆపేశారు. గుండె, ఊపిరితిత్తులు దానికి కారణం కావు. అదే శ్రమ ఎక్కువ కష్టంగా అనిపించింది, అంతే. రోజంతా కోడ్ చూసి వచ్చిన మనిషికి ఫ్లైఓవర్ నిట్టనిలువుగా కనిపించడం బద్ధకం కాదు, దయచేసి అలా అనుకోకండి.

కాబట్టి నాలుగు వారాలు ఇలా చేసి చూడండి. మొదటి వారం మూడు రోజులు, రోజుకి 20 నిమిషాలు మాత్రమే. రెండో వారం 30. మూడో వారం రెండు రోజులు 30, ఒక రోజు 45. నాలుగో వారంలో ఒక గంట. కిలోమీటర్లు లెక్కపెట్టొద్దు, వేగం కనపడకుండా స్క్రీను మార్చేయండి లేదా మీటరు ఇంట్లో వదిలేయండి. వెనక పెద్ద పళ్ళచక్రం మీద, నిమిషానికి 75 నుంచి 85 తిప్పులు. పక్కన మనిషి ఉంటే ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే గేరు తేలిక చేయండి.

దారి కూడా ముఖ్యం. ఇంటి చుట్టూ మూడు, నాలుగు కి.మీ. చుట్టు ఒకటి పెట్టుకోండి. 10 నిమిషాలు తొక్కాక కూడా మనసు రాకపోతే ఇంటికి తిరిగేయండి, ఆ రోజు తొక్కినట్టే లెక్క. నేరుగా దూరం వెళ్ళిపోతే తిరిగి రావడమే ఒక బరువు.

చైన్_గ్రీజు

శాస్త్రి గారు ఒంటి సంగతి చెప్పారు, నేను బండి సంగతి చెప్తా. అన్నా, ఆదివారం బయల్దేరే ముందు గాలి చూశావా? ట్యూబులోంచి గాలి ఊరికే ఉన్నా మెల్లగా పోతుంది. రెండున్నర నెలలకి సగం దాకా పోవచ్చు. నీ బరువుకి 35 టైరులో ముందు 50, వెనక 55-60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలి, టైరు పక్కన అచ్చేసిన హద్దు దాటకుండా. బొటనవేలితో నొక్కి చూసి సరేలే అనుకోవద్దు, గేజీ ఉన్న పంపు పెట్టు. గాలి తక్కువుంటే టైరు రోడ్డుకి అతుక్కుపోయినట్టు లాగుతుంది, గుంతలో పడితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఆ 19లో టైరు వాటా ఎంతుందో చూసుకో.

తర్వాత చైను. బాల్కనీలో వాన జల్లు తగిలుంటే లింకుల పక్కన నారింజ రంగు పొడి కనపడుతుంది. పాత గుడ్డకి కొంచెం కిరోసిన్ తడిపి, చైనుని గుడ్డలో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పు. గుడ్డ నల్లబడటం ఆగేదాకా మార్చి మార్చి తుడువు. పూర్తిగా ఆరాక ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్, జాయింటు లింకు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ అక్కడికొచ్చేదాకా. 20 సార్లు వెనక్కి తిప్పి, పది నిమిషాలాగి, పైపైన ఉన్నదంతా తుడిచెయ్. నూనె పనిచేసేది రోలరు లోపల. పైన మిగిలింది దుమ్ము పట్టి సానపట్టే ముద్దలా తయారవుతుంది. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అదే ఆయిల్ అనుకునేవాళ్ళున్నారు, అది రెండు రోజులకే ఎండిపోతుంది. లింకు వంచితే వంగిన చోటే బిగుసుకుపోతోందంటే దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఆడించు. అప్పటికీ వదలకపోతే చైను మార్చడమే.

డిస్కు మీద పల్చటి తుప్పు పొర ఉంటే మొదటి పది, పదిహేను బ్రేకులకి గరగరలాడి పోతుంది. అక్కడ మాత్రం ఆయిల్ చుక్క పడనీయొద్దు, పడిందా ప్యాడ్లు పోయినట్టే.

ఇదంతా శనివారం సాయంత్రం ఒక గంట పని. పొద్దున్నే పంపు వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ బయల్దేరరు. సైకిల్ బాల్కనీ నుంచి తెచ్చి తలుపు పక్కనే పెట్టు. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి, తాళం చెవి, లైటు దాని లోపలే ఉంచు.

బ్రెవే_భాస్కర్

నా మాట వేరే. ఏదో ఒక తేదీ ముందుంటే తప్ప ఊపు రాదు. మూడు నెలల తర్వాత వచ్చే 200 కి.మీ. బ్రెవేకి (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) పేరిచ్చేయండి. 13.5 గంటల గడువు అంటే ఆగే సమయంతో కలిపి గంటకి 15 కూడా అక్కర్లేదు. డబ్బు కట్టాక కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

గండిపేట_గాలి

భాస్కర్ గారూ, మామూలు రోజుల్లో ఒప్పుకుంటాను. ఇక్కడ ఆయనకి ఇంకో రెండు నెలల రిలీజు ఉంది. ఆఫీసులో ఒక గడువు, సైకిల్ మీద ఇంకో గడువు పెడితే సైకిల్ కూడా పనిలా తయారవుతుంది, మానేసిన ప్రతి రోజూ బాకీలా కనిపిస్తుంది. పేరు రిలీజు అయ్యాక ఇవ్వొచ్చు. ఇప్పటికి స్ట్రావా యాప్‌లో పోటీ జాబితాల వైపు వెళ్ళకపోవడమే మేలు.

అన్నా, ఎలాగూ వెళ్ళాల్సిన పనికి సైకిల్ వాడు. పాలు, మందులు, కూరగాయలు, రెండు కి.మీ. లోపు ఏదైనా సరే. ప్రత్యేకంగా టైమూ అక్కర్లేదు, ప్రత్యేకంగా బట్టలూ అక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కి.మీ. ట్రాక్ (2023 అక్టోబర్ 1న తెరిచారు) చాలా బాగుంటుంది, ఎండావానా పడవు. ట్రాక్ మొదలయ్యే నానక్‌రాంగూడ మణికొండకి దగ్గరే కాబట్టి నాలుగో వారంలో ఆ గంట అక్కడ పెట్టుకో. కారుకి సైకిల్ కట్టుకుని వెళ్ళాల్సినవాళ్ళకి మాత్రం ఇలాంటి రోజుల్లో అది సలహా కాదు.

ఇంకొక్క మాట. నిద్ర వరసగా రెండు రాత్రులు ఆరు గంటలకి తగ్గితే పొద్దున అలారం పెట్టొద్దు, ఆ గంట పడుకో. లేవగానే మంచం మీదే నాడి ఒక నిమిషం లెక్కపెట్టు. మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ మూడు రోజులు వరసగా ఉంటే ఆ వారం పెంచొద్దు. తేలిగ్గా తొక్కినా ఆయాసం తగ్గకపోతే డాక్టర్ని కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకో. ఛాతీలో నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపి ఆసుపత్రికే. సైకిల్ ఒక్కటే కాదు, ఇష్టమైనవేవీ రెండు వారాలుగా రుచించట్లేదంటే 14416, టెలీ-మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్)కి ఫోన్ చెయ్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొహమాటపడకు, ఇంట్లో ఆపరేషన్ దాటిన మనిషివి.

హైబ్రిడ్_మణికొండ

చాలా థాంక్సండీ అందరికీ. ఇప్పుడే గేజీ పెట్టి చూశా, వెనక టైరు 28 చూపిస్తోంది! ముందుది 31. బ్రెవే తర్వాతే భాస్కర్ గారూ. తినబుద్ధి, చూడబుద్ధి లాంటి మిగతావన్నీ బాగానే ఉన్నాయి, సైకిల్ దగ్గరే ఆగిపోతున్నా. ఒక్క సందేహం. పొద్దున అసలు కుదరదు. రాత్రి తొక్కితే నిద్ర పాడవుతుందా?

పెడల్_శాస్త్రి

28తో తొక్కారంటే 15 కి.మీ. రావడమే గొప్ప.

తేలిగ్గా తొక్కితే నిద్రకి అడ్డు రాదండీ. ఆయాసం వచ్చేలా తొక్కితే మాత్రం పడుకునే ముందు గంటకు పైనే తేడా ఉంచండి. భోజనానికి ముందే ముగించండి. తిన్నాక అయితే రెండు గంటలు ఆగాలి, అంతలో మళ్ళీ లాప్‌టాప్ తెరుస్తారు. ఆకలేస్తే ఒక అరటిపండు తిని బయల్దేరండి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి, ముందు లైటు రోడ్డు వైపు వంచి పెట్టండి, ఎదుటివాళ్ళ కళ్ళలో పడకూడదు. కుక్కలు వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి, చాలావరకు ఆగిపోతాయి. లైట్లు కూడా రెండున్నర నెలలుగా ఛార్జింగ్ లేకుండా ఉన్నాయి కదా, ఈ రాత్రికే పెట్టేయండి.