లెక్కల క్లాసులో ఆడపిల్లలు నోరు విప్పాలంటే ఏం చేయాలి?

ఆదోని దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. తొమ్మిదో తరగతి గురించి సలహా కావాలి. బోర్డు మీద లెక్క వేయడం ఆలస్యం, మగపిల్లలు తప్పో ఒప్పో అరిచేస్తారు. ఆడపిల్లల నోట్సు ముత్యాల్లా ఉంటుంది, లేచి చెప్పమంటే మాత్రం తల దించుకుంటారు. మొన్న రేఖీయ సమీకరణాలకు పత్తి తీసే కూలి లెక్క ఇచ్చాను: కిలోకు ఇంత, అందులోంచి ఆటో చార్జీ పోను చేతికెంత అని. సీజన్లో పత్తికి పోయే ఒకమ్మాయి పెన్ను పట్టకుండానే జవాబు చెప్పింది, అదీ పక్కపిల్ల చెవిలో!

1990లలో ఇంగ్లండులో జో బోలర్ అనే గణిత విద్యా పరిశోధకురాలు రెండు స్కూళ్ళను మూడేళ్ళు గమనించారు. సూత్రాలు గబగబా అప్పజెప్పించే చోట ఆడపిల్లలు బాగా విసిగిపోయారు. ప్రాజెక్టులతో, సొంతంగా ఆలోచించే లెక్కలతో నేర్పిన చోట ఆడ, మగ తేడా కనిపించలేదు. బాగానే ఉంది గానీ, మా క్లాసు కిక్కిరిసి ఉంటుంది, పైగా సిలబస్ టెన్షన్.

గ్రూపులు కలిపి వేయాలా, విడిగానా? కలిపితే లీడరు మగపిల్లాడే అవుతున్నాడు, అమ్మాయికి చార్టు రాసే పని మిగులుతోంది. విడిగా కూర్చోబెట్టడం నాకంత ఇష్టం లేదు. చేతులెత్తించడం మానేసి చీటీలు తీసి పిలిచినవాళ్ళున్నారా? భయపడే పిల్లలు ఇంకా ముడుచుకుపోరా? "ఆడపిల్లకు ఎంపీసీ ఎందుకు సార్" అనే తల్లిదండ్రులకు మీరేం చెప్పారు? సీమ పల్లెబడుల్లో పనిచేసిన మేడమ్‌లు చెప్తే ఇంకా మేలు.