శాన్ ఆండ్రియాస్ తర్వాత జీటీఏ ఫోర్: ఉన్నవన్నీ ఎందుకు తీసేశారు?

గడియారం_సెంటర్ (నల్లగొండ):
జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వీడియోగేమ్‌ల వరుసలో 2004లో శాన్ ఆండ్రియాస్ వచ్చింది. మూడు పట్నాలు, వాటి మధ్య పల్లెలు, ఎడారి, మౌంట్ చిలియాడ్ అనే పెద్ద గుట్ట. విమానం నడపొచ్చు, పారాచూట్‌తో దూకొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. అందులో హీరో సీజే ఎక్కువ తింటే లావెక్కుతాడు, జిమ్‌కు పోతే కండలు వస్తాయి. ఇల్లు కొనుక్కోవచ్చు, కారుకు స్పీడు పెంచే నైట్రో బిగించుకోవచ్చు. 2008లో నాలుగోది వస్తే ఒక్క లిబర్టీ సిటీ. విమానం, సైకిల్, జిమ్, యుద్ధ ట్యాంక్, పారాచూట్ ఏవీ లేవు. చివరికి కటింగ్ షాపు కూడా లేదు. కొత్తవి పెట్టకపోయినా ఊరుకునేవాడిని, ఉన్నవి తీసేయడం ఏంటి?

కోయిల్‌సాగర్ (పాలమూరు):
హెలికాప్టర్ ఉంది కదా అన్నా. ఎగరడమే లేనట్టు చెప్తున్నావు.

హాలియా_పోరడు:
ట్యాంక్ తీసేశారు చూడు, అక్కడే నాకు మనసు విరిగింది.

గడియారం_సెంటర్:
హెలికాప్టర్, విమానం ఒకటెట్లా అవుతాయి? లిబర్టీ సిటీలో ఎయిర్‌పోర్ట్ కట్టారు, విమానాలు నిలబెట్టారు. రన్‌వే మీద అడుగు పెడితే పోలీసులు వెంటపడతారు. ఎక్కనివ్వనప్పుడు ఎందుకు కట్టినట్టు?

కోయిల్‌సాగర్:
అంత ఇరుకు పట్నంలో, ఆ బిల్డింగుల మధ్య విమానం ఎక్కడ తిప్పుతావు? నువ్వు లేనివే లెక్క పెడుతున్నావు. కారు తగిలితే మనిషి పడే తీరు చూశావా? ఒకసారి పడ్డట్టు ఇంకోసారి పడడు. బండి మలుపులో ఒరుగుతుంది, గుద్దితే గుద్దిన చోటే సొట్ట పడుతుంది. శాన్ ఆండ్రియాస్‌లో కార్లకు బరువే ఉండదు.

గడియారం_సెంటర్:
విమానం తిప్పలేనంత ఇరుకు పట్నం ఒక్కటే ఎందుకిచ్చారనేదే నా ప్రశ్న తమ్మీ. పారాచూట్ సంగతి కూడా విను. 2009లో నాలుగోదానికి అదనంగా అమ్మిన వేరే ఎపిసోడ్‌లో పెట్టి దానికి మళ్లీ డబ్బులు తీసుకున్నారు.

జడ్చర్ల_జంక్షన్:
మీరు సొట్టల గురించి కొట్లాడుతున్నారు. అసలు మన కంప్యూటర్లలో నడిచిందా అది? శాన్ ఆండ్రియాస్‌కు 256 ఎంబీ ర్యామ్ చాలు. నాలుగోదానికి తక్కువలో తక్కువ ఒకటిన్నర జీబీ ర్యామ్, 16 జీబీ హార్డ్ డిస్క్, పైగా 256 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు కావాలి. మా నాన్న చిట్టీ ఎత్తి కంప్యూటర్ కొనిచ్చాడు. ఏ గేమైనా నడుస్తుందని షాపాయన చెప్పాడు. తెచ్చి వేస్తే మొదటి సీన్‌లోనే బొమ్మ ఆగిపోయింది. ఇంకో కార్డు కొనమని మా నాన్నను ఏ మొహంతో అడగాలి?

కోయిల్‌సాగర్:
అది షాపాయన చేసిన మోసం. గేమ్‌ను అంటే ఎట్లా?

గడియారం_సెంటర్:
నీకు ఇంట్లోనే కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె) ఉండుంటుంది, అందుకే అంత తేలిగ్గా మాట్లాడుతున్నావు.

కోయిల్‌సాగర్:
కన్సోలా? మా నాన్న మేస్త్రీ మాట నమ్మి బొంబాయికి మట్టిపనికి పోయాడు. అక్కడ చెప్పిన కూలీ లేదు, చెప్పిన గది లేదు. నేను ఆ గేమ్ ఆడింది మా బావమరిది హాస్టల్ రూమ్‌లో, రాత్రిళ్లు. అందులో హీరో, నీకో అనేవాడు, ఓడ దిగుతాడు. పెద్ద బంగళా, కార్లు ఉన్నాయని చెప్పిన కజిన్ రోమన్ వాడిని ఒక మురికి గదికి తీసుకుపోతాడు. ఆ సీన్ చూసి నేను ఆట ఆపి కూర్చున్నాను. పాలమూరు నుంచి పోయిన ఎన్ని ఇళ్ల కథ అది! దాని ముందు నాకు సైకిల్ ఎందుకు, జిమ్ ఎందుకు? నా బతుకు సంగతి తెలియకుండా మాట్లాడకు.

హాలియా_పోరడు:
అన్నా, ఇద్దరూ కొంచెం తగ్గండి.

గడియారం_సెంటర్:
సరే, కన్సోల్ మాట వదిలేస్తాను. కానీ నా మాట కూడా విను. మాకు ఇంటర్‌లో ఉన్నది ఒక్క గేమ్. కొత్తది కొనే స్తోమత లేదు. గంటకింత అని నెట్ సెంటర్‌లో కట్టి ఆడేవాళ్లం, పక్కన ఇద్దరు నిలబడి చూసేవాళ్లు. గేమ్‌లో ఇచ్చే పనుల్లో (మిషన్లలో) వాళ్లు మాట్లాడే ఇంగ్లీష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. హెసోయామ్ అనే చీట్ కోడ్ కొట్టి లైఫ్, డబ్బులు నింపుకొని, గుట్ట ఎక్కి, సైకిల్‌తో సహా దూకడమే మా ఆట. ఆ ఒక్క గేమ్ మాకు ఏళ్ల తరబడి వచ్చింది. నాలుగోదాంట్లో కథ పక్కన పెడితే మాకు ఏం మిగిలింది? మాలాంటోళ్లు ఎట్లా ఆడతారో వాళ్లు ఆలోచించలేదు. నా కోపం అదే, విమానం ఒక్కటే కాదు.

కోయిల్‌సాగర్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. నాకు ఆ కథ అర్థమైంది కాబట్టి నేను దాన్ని వదలను. అందరికీ తిరగడమే కావాలంటే అట్లాంటి మనిషి కథ ఎవరు తీస్తారు?

జడ్చర్ల_జంక్షన్:
2013లో ఐదోది వచ్చింది కదా. విమానాలు, సైకిళ్లు, పారాచూట్, ట్యాంక్ అన్నీ తిరిగి పెట్టారు. అంటే తీసేయడం తప్పని వాళ్లకే తెలిసింది.

కోయిల్‌సాగర్:
పెట్టారు. అందులో కార్ల సొట్టలు, మనుషులు తూలే తీరు నాలుగోదానికంటే తగ్గాయి. దానిమీద ఎవరూ ఒక్క మాట అనరు.

గడియారం_సెంటర్:
సొట్టలు నువ్వే ఉంచుకో. నాలుగోదాంట్లో ఒక్క పల్లె చూపించు, మాట్లాడదాం.